చనుమొన కాదు, రొమ్ము నోటినిండా అందాలి

పాఠకుల ప్రశ్నలు: తల్లీ బిడ్డా

ఈసారి చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా బాలింతలవీ, పురుడు పోయడానికి వచ్చిన వాళ్ళ అమ్మలవీ. అడిగిన తీరు వేరైనా చాలావాటిలో అసలు సమస్య ఒక్కటే. బిడ్డ రొమ్మును సరిగ్గా పట్టుకోవడం లేదు. ఆసుపత్రుల్లో దీన్నే లాచ్ అంటున్నారు. అందుకే మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదిగా రాశాం. మిగతావాళ్ళు కూడా ముందు అది చదివి, ఆ తర్వాత మీ జవాబు చూసుకోండి.

*

బిడ్డ పుట్టి తొమ్మిది రోజులైంది. రెండు చనుమొనలూ చీలి రక్తం వస్తోంది. బిడ్డ ఏడుపు వినగానే ఒళ్ళు బిగుసుకుపోతోంది. “తొలికాన్పుకి అందరికీ ఇంతే, నెల తిరిగేసరికి చర్మం గట్టిపడుతుంది, ఓర్చుకో” అంటున్నారు మా అత్తగారు. నిజంగా అంతేనా?
– ఒక బాలింత, పెరంబూరు

కాదమ్మా, ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు ఇది. మొదటి వారంలో బిడ్డ పట్టుకోగానే అర నిమిషం పాటు చురుక్కుమనడం మామూలే. ఆ తర్వాత కూడా నొప్పి ఆగలేదంటే, చీలి రక్తం వచ్చిందంటే, బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకుని చీకుతోందని అర్థం. చర్మం గట్టిపడడం కోసం ఎదురుచూస్తే పుండు పెద్దదవుతుందే తప్ప మానదు. పట్టు మారాలి.

బిడ్డ నోరు బాగా తెరిచి రొమ్మును నోటినిండా పట్టుకుంటే చనుమొన లోపలికి వెళ్ళి, అంగిట్లో గట్టి భాగం అయిపోయి మెత్తటి భాగం మొదలయ్యే చోటికి చేరుతుంది. అక్కడ దాన్ని నలిపేదేమీ ఉండదు. పట్టు చాలకపోతే అదే చనుమొన నాలుకకూ గట్టి అంగిలికీ మధ్య ఇరుక్కుని, చీకిన ప్రతిసారీ రాసుకుంటుంది. నొప్పి మీకు, ఆకలి బిడ్డకు. ఎందుకంటే పాలు రావాలంటే బిడ్డ నాలుక, కింది దవడ నల్లటి వలయం కింద ఉన్న భాగం మీద పనిచేయాలి. మొన మీద కాదు.

బిడ్డ వదిలిన మరుక్షణం చనుమొనను చూడండి. గుండ్రంగా, కాస్త సాగినట్టు ఉంటే పట్టు బాగున్నట్టే. ఒక పక్కకు ఏటవాలుగా నొక్కుకుపోయి, కొస తెల్లగా పాలిపోయి, అడ్డంగా గీత పడినట్టు ఉంటే అది నలిగిందన్నమాట.

ఇక పట్టించే పద్ధతి. ముందు మీరు కుదురుగా కూర్చోండి. వీపు గోడకో కుర్చీకో ఆనాలి, కాళ్ళు వేలాడకూడదు, కింద పీట వేసుకోండి. బిడ్డ మీదికి మీరు వంగితే పది నిమిషాల్లో వెన్ను నొప్పి, దాంతోపాటు పట్టూ జారుతుంది. ఒళ్ళో దిండు పెట్టి బిడ్డను రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి. పొత్తిగుడ్డల్లో బిగించి చుట్టి ఉంటే విప్పేయండి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరసలో ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి తల ఒక్కటే మీ వైపు తిప్పితే మెడ తిరిగిపోయి గుటక పడదు. ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

కుడి రొమ్ము ఇస్తుంటే ఎడమచేత్తో బిడ్డను పట్టుకోండి. అరచెయ్యి రెండు జబ్బల మధ్య, బొటనవేలూ చూపుడువేలూ చెవుల కింద మెడకు అటూ ఇటూ. తల వెనక మాత్రం చెయ్యి పెట్టకండి. తల వెనక నొక్కితే బిడ్డ సహజంగానే వెనక్కి విరుచుకుంటుంది, దాన్ని చూసి “రొమ్ము వద్దంటోంది” అనుకుంటాం. కుడిచేత్తో రొమ్మును కింది నుంచి పట్టుకోండి, వేళ్ళు నల్లటి వలయానికి బాగా వెనక ఉండాలి. రెండు వేళ్ళ మధ్య కత్తెరలాగా ఇరికించి పట్టుకుంటే ఆ వేళ్ళే బిడ్డ నోటికి అడ్డం.

ఇప్పుడు బిడ్డ నోరు కాదు, ముక్కు చనుమొనకు ఎదురుగా రావాలి. చనుమొనతో పైపెదవిని మెల్లగా తాకించి ఆగండి. బిడ్డ కొంచెం నోరు తెరుస్తుంది, మూస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. తొందరపడకండి. ఆవులించినంత పెద్దగా నోరు తెరిచి నాలుక కిందికి దించిన ఆ క్షణంలో బిడ్డను, జబ్బల దగ్గరున్న చేత్తో, చటుక్కున దగ్గరికి లాక్కోండి. ముందు గడ్డం ఆనాలి, కింది పెదవి మొనకు దూరంగా పడాలి, చివరికి పైపెదవి మొనను దాటాలి. రొమ్మును బిడ్డ నోట్లోకి తోయకూడదు, బిడ్డే రొమ్ము దగ్గరికి రావాలి.

కుదిరిందో లేదో నాలుగు గుర్తులు చెబుతాయి. నోరు బాగా తెరిచి ఉంది. కింది పెదవి బయటికి మడతపడి ఉంది. గడ్డం రొమ్ముకు గట్టిగా ఆనింది. నల్లటి వలయం బిడ్డ పైపెదవి పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తోంది. మొదట గబగబా చీకి, పాలు చేపుకొచ్చాక నెమ్మదిగా లోతుగా చీకుతూ, మధ్యలో ఆగి “క్హ్” అని గుటక వేస్తుంటే పాలు అందుతున్నట్టే. బుగ్గలు లోపలికి సొట్టలు పడుతుంటే, టక్ టక్ మని నాలుక చప్పుడు వస్తుంటే పట్టు చాలదు.

కుదరకపోతే లాగేయకండి, అలా లాగడం వల్లే చాలాసార్లు చీలిక పడుతుంది. చిటికెనవేలు నోటి మూలనుంచి చిగుళ్ళ మధ్యకు పోనిచ్చి, పట్టు వదిలించి, మళ్ళీ మొదటినుంచి. మూడుసార్లు, నాలుగుసార్లు అయినా సరే. ఐదు నిమిషాలు ఓపిక పట్టి సరిచేసుకోవడం నలభై నిమిషాలు పళ్ళు బిగపట్టి కూర్చోవడం కంటే మేలు.

పుండుకు: పాలిచ్చాక చివరి చుక్కలు రెండు పిండి చనుమొనకు రాసి గాలికి ఆరనివ్వండి. సబ్బు, డెట్టాలు, స్పిరిట్ వద్దు. తడిసిన ప్యాడ్ వెంటవెంటనే మార్చుకోండి, చెన్నై ఉక్కలో చెమటతో నానితే మానదు. లానోలిన్ ఆయింట్‌మెంట్ రాస్తే తుడవకుండానే పాలివ్వచ్చు. తక్కువ నొప్పిగా ఉన్న వైపు ముందు ఇవ్వండి. ఒక వైపు అసలు భరించలేకపోతే ఒకటి రెండు పూటలు ఆ వైపు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి, పాలు నిలవనివ్వకండి. బిడ్డ కక్కినదాంట్లో కాస్త రక్తపు చార కనిపిస్తే భయపడకండి, అది మీ చీలికలోది కావచ్చు. డాక్టరుకు ఒకసారి చూపించి నిర్ధారించుకోండి. అన్నీ సరిచేశాక కూడా మంట, గుచ్చినట్టు నొప్పి తగ్గకుండా, బిడ్డ నోట్లో తుడిస్తే పోని తెల్లటి పూత ఉంటే ఇద్దరికీ కలిపి మందు కావాలి.

*

మా అమ్మాయికి మూడు రోజుల కిందట కాన్పైంది. చనుమొనలు లోపలికి ఉన్నాయి, బిడ్డకు అందడం లేదు. పాలు కూడా ఇంకా పడలేదు, నాలుగు చుక్కలు చిక్కగా పసుపుపచ్చగా వస్తున్నాయి. అవి పిండి పారబోసి, పాలు పడేదాకా చక్కెర నీళ్ళు పట్టమంటారా?
– ఒక అమ్మమ్మ, మాధవరం

వద్దండీ. ఆ నాలుగు చుక్కలే ముర్రుపాలు. పుట్టిన మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల చుట్టుపక్కలే. తగినంతే వస్తోంది, తక్కువేమీ కాదు. జబ్బులను ఎదుర్కొనే శక్తి అందులో ఉంటుంది, నల్లటి తొలి మలం బయటికి పోవడానికీ అదే తోడ్పడుతుంది. చక్కెర నీళ్ళు, తేనె, ఆముదం ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. పాలు పొంగి రావడం సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల జరుగుతుంది, సిజేరియన్ అయితే ఒక రోజు ఆలస్యం కావచ్చు.

చనుమొనల సంగతి. బిడ్డ పట్టుకోవాల్సింది రొమ్మును కాబట్టి మొన చదునుగా ఉన్నా చాలామంది పిల్లలు బాగానే తాగుతారు. వేళ్ళతో మొనకు కాస్త వెనక నొక్కి చూడండి. ముందుకు వస్తే బెంగ లేదు. ఇంకా లోపలికి ముడుచుకుంటే సిరంజి సాయం తీసుకోవచ్చు. మన ప్రభుత్వాసుపత్రుల నర్సులకు బాగా తెలిసిన ఉపాయం ఇది.

10 మిల్లీలీటర్ల కొత్త సిరంజి, చనుమొన పెద్దదైతే 20 మిల్లీలీటర్లది, తీసుకోండి. సూది పక్కన పెట్టేయండి. లోపలి కడ్డీ బయటికి తీసి, సూది తగిలించే కొస వైపు గొట్టాన్ని బ్లేడుతో అడ్డంగా కోసేయండి. కోసిన వైపు నుంచి కడ్డీ లోపలికి పెట్టండి. నున్నగా, అంచు ఉన్న రెండో వైపే రొమ్ముకు ఆనాలి. కోసిన వైపు ఆనిస్తే చర్మం చీరుకుపోతుంది. పాలిచ్చే ముందు దాన్ని చనుమొన మీద ఆనించి కడ్డీని మెల్లగా వెనక్కి లాగి అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచండి. నొప్పి వచ్చిందంటే ఎక్కువ లాగినట్టే. తీసేటప్పుడు కడ్డీని ముందుకు నెట్టి గాలి వదిలి తీయాలి, ఊడబెరకకూడదు. వెంటనే బిడ్డను పట్టించాలి. చనుమొన చీలి ఉంటే ఇది వద్దు. వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

బిడ్డకు పట్టు దొరికేదాకా రెండు మూడు గంటలకోసారి చేత్తో పాలు పిండాలి. బొటనవేలు పైన, రెండు వేళ్ళు కింద, మొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరికి తెచ్చి వదలండి. చర్మం మీద వేళ్ళు జారకూడదు. వచ్చినదాన్ని ఉగ్గుగిన్నెతో పట్టండి. మీరు తెచ్చుకోకపోతే ఇక్కడి పాత్రల దుకాణంలో పాలాడై అని అడగండి. బిడ్డను కాస్త లేపి పట్టుకుని, గిన్నె మూతి కింది పెదవి మూలకు ఆనించి కొద్దికొద్దిగా పోస్తూ, గుటక వేసేదాకా ఆగి మళ్ళీ పోయాలి. ఇప్పుడే సీసా అలవాటు చేస్తే పెద్దగా నోరు తెరవాల్సిన పని లేకుండా ధారగా పాలు వస్తాయి కాబట్టి, తర్వాత రొమ్ము దగ్గర పేచీ పెట్టే పిల్లలున్నారు.

ఇంకొక మాట, మీరు అడగకపోయినా. పథ్యం పేరుతో మీ అమ్మాయికి నీళ్ళు, పెరుగు, కూరలు తగ్గించకండి. దాహం వేసినన్ని నీళ్ళు, ఆకలేసినంత అన్నం పెట్టండి.

*

సిజేరియన్ అయ్యింది. కూర్చుంటే కుట్లు లాగుతున్నాయి, బిడ్డ కాళ్ళు పొట్ట మీద తగులుతున్నాయి. పడుకుని పాలిస్తే చెవిలోకి పోతాయని అంటున్నారు.
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

పక్కకు తిరిగి పడుకుని ఇవ్వచ్చు. మీరూ బిడ్డా ఎదురెదురుగా, పొట్టకు పొట్ట ఆనేలా. మీ వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఇంకొకటి. బిడ్డ ముక్కు కింది రొమ్ము మొనకు ఎదురుగా ఉండాలి. బిడ్డ వీపు వెనక మడతపెట్టిన తువ్వాలు ఉంచి, పాలివ్వడం అయ్యాక తీసేయండి. మీకు నిద్ర ముంచుకొస్తుంటే పక్కన ఎవరైనా మెలకువగా ఉండాలి. చెవిలోకి పోయే భయం బిడ్డను వెల్లకిలా ఉంచి పోసినప్పటిది. పక్కకు తిరిగి ఉన్న బిడ్డ గుటకలు వేస్తూ తాగుతుంది.

కూర్చోగలిగినప్పుడు చంక కింద పట్టుకునే పద్ధతి కుట్లకు హాయి. మీ పక్కన దిండు మీద బిడ్డను పెట్టి, కాళ్ళు మీ వెనక్కి వెళ్ళేలా, వీపు మీ ముంజేతి మీద ఆనేలా పట్టుకోండి. కాళ్ళు గోడకు తగలకుండా చూడండి, తగిలితే తన్నుకుంటూ ముందుకు జారుతుంది. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు కూర్చుంటే ఇంకా సులువు. డాక్టర్లు సాధారణంగా రాసే పారాసెటమాల్ వల్ల పాలకు ఇబ్బంది లేదు.

*

నాలుగో రోజు రాత్రి రొమ్ములు రాళ్ళలా అయ్యాయి. నల్లటి భాగం కూడా బిర్రుగా ఉంది, బిడ్డ పట్టుకోబోయి జారిపోతోంది. మర్దనా చేసి గడ్డలు కరిగించమంటున్నారు.
– ఒక బాలింత, అంబత్తూరు

గట్టిగా మర్దనా చేయకండి, వాపు ఇంకా పెరుగుతుంది. లోపల ఉన్నది పాలు మాత్రమే కాదు, వాపు నీరు కూడా. చేయాల్సింది ముందు మొన చుట్టూ మెత్తబరచడం. రెండు చేతుల వేళ్ళ కొసలు మొన మొదట్లో చుట్టూ పెట్టి ఛాతీ వైపు నెమ్మదిగా నొక్కి నిమిషం పాటు అలాగే ఉంచండి. వేళ్ళు కాస్త తిప్పి మళ్ళీ ఒక నిమిషం. వలయం మెత్తబడి వేళ్ళ గుంటలు కనిపిస్తాయి. తర్వాత చేత్తో కొంచెం పాలు పిండి, వెంటనే బిడ్డను పట్టించండి. పాలిచ్చాక గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టుకోండి. బిడ్డకు పట్టడానికి చాలినంత మాత్రమే పిండండి. పంపుతో పూర్తిగా ఖాళీ చేస్తూ పోతే రేపు ఇంకా ఎక్కువ పాలు పడతాయి.

ఒక చోట ఎర్రబడి వేడిగా ఉండి, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, ఒళ్ళు నొప్పులు, వణుకు వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అప్పుడు కూడా ఆ వైపు పాలివ్వడం మానకూడదు, బిడ్డకు హాని లేదు.

*

మా పాపకు మూడు వారాలు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అరగంటకోసారి పాలకోసం ఏడుస్తుంది. నా భార్యకు పాలు చాలడం లేదేమో. పడుకునే ముందు ఒక్కసారి డబ్బాపాలు పడితే తప్పా?
– ఒక తండ్రి, విల్లివాక్కం

ఏడుపును బట్టి పాలు కొలవలేం. సాయంత్రాలు ఇలా విడవకుండా తాగడం ఈ వయసు పిల్లల్లో మామూలే. కొలవాల్సింది వేరే. ఐదారు రోజుల వయసు దాటిన బిడ్డ 24 గంటల్లో కనీసం ఆరుసార్లు పాలిపోయిన రంగులో మూత్రం పోయాలి. నాలుగైదు రోజులకల్లా మలం నలుపు, ఆకుపచ్చ దాటి ఆవపిండి రంగుకు రావాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి. పుట్టిన బరువులో మొదటి రోజుల్లో 7 శాతం దాకా తగ్గడం మామూలే. 10 శాతం తగ్గితే, అంటే 3 కిలోల బిడ్డ 2.7కు వస్తే, అదే రోజు డాక్టరు చూడాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఒకే తూకం మీద, బట్టల్లేకుండా చూడండి.

ఇవన్నీ బాగుంటే డబ్బాపాలు అక్కర్లేదు. ఆ పూట రొమ్ముకు కబురు అందదు కాబట్టి అంతమేరకు పాలు తగ్గుతాయి, వారం తిరిగేసరికి ఒక పూట రెండు పూటలవుతుంది. బాగాలేకపోతే మాత్రం బిడ్డను ఆకలితో ఉంచకూడదు. డాక్టరు చెప్పిన కొలతలో పట్టండి, వీలైతే ముందు పిండిన తల్లిపాలే, అదే సమయంలో పట్టు సరిచేయించండి. ఆసుపత్రిలో ఎవరైనా పాలడబ్బా శాంపిల్ చేతికిస్తే తీసుకోకండి. 1992 నాటి చట్టం ప్రకారం తల్లులకు అలా ఇవ్వడం నిషేధం.

మీరు చేయగలిగింది చాలా ఉంది. త్రేన్పు తీయించడం, డైపరు మార్చడం, భార్య చేతికి నీళ్ళ గ్లాసు అందించడం. అన్నిటికంటే ముఖ్యం, పట్టించేటప్పుడు పక్కన కూర్చుని కింది పెదవి మడతపడిందో లేదో చూసి చెప్పడం. తల్లికి పైనుంచి అది కనిపించదు.

*

ఈ ఎండల్లో రెండు నెలల బాబుకి కాచి చల్లార్చిన నీళ్ళు ఒక్క చెంచా అయినా పట్టకూడదా?
– ఒక నానమ్మ, మైలాపూరు

అక్కర్లేదండీ. ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు వద్దు, గ్రైప్ వాటర్ కూడా. తల్లిపాలలో 85 శాతానికిపైగా నీళ్ళే. ఎండాకాలం బాబు మాటిమాటికీ, కొద్దికొద్దిగా తాగుతాడు, అడిగినప్పుడల్లా ఇమ్మనండి.

*

పాలు తాగుతున్నంతసేపూ టక్ టక్ మని చప్పుడు. నాలుక కింద నరం అంటుకుని ఉందని, కత్తిరించాలని ఒక క్లినిక్‌లో చెప్పారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, టి.నగర్

నాలుక కింద పొర కనిపించడం ఒక్కటే కారణం అయితే కాదు. ఆ పొర అందరికీ ఉంటుంది. బిడ్డ ఏడుస్తున్నప్పుడు చూడండి. నాలుక పైకి లేవకుండా, చిగురు దాటి ముందుకు రాకుండా, కొస మధ్యలో నొక్కుకుపోయి ఉందా? పట్టు సరిచేశాక కూడా మీకు నొప్పి తగ్గలేదా? బరువు పెరగడం లేదా? వీటికి అవును అయితే చిన్నపిల్లల సర్జన్‌కు గానీ, పాలు తాగుతుండగా చూసి చెప్పగల లాక్టేషన్ నిపుణులకు గానీ చూపించండి. అవసరమైన చోట అది చిన్న కోతే, ఆ వెంటనే పాలు పట్టించవచ్చు. బిడ్డ బరువు పెరుగుతూ మీకు నొప్పి లేకపోతే చప్పుడు ఒక్కదానికే కత్తెర అక్కర్లేదు. పాలు ధారగా ఎక్కువ వచ్చినా ఆ చప్పుడు వస్తుంది. వెనక్కి వాలి, బిడ్డను మీ ఛాతీ మీద బోర్లా పెట్టుకుని ఇచ్చి చూడండి.

*

నెలన్నర బిడ్డతో బస్సులో నెల్లూరు వెళ్ళాలి. దారిలో పాలెలా ఇవ్వాలి?
– ఒక బాలింత, కొళత్తూరు

బయలుదేరే ముందు బస్టాండులో ఒకసారి కడుపునిండా ఇవ్వండి. తమిళనాడు బస్టాండ్లలో 2015 నుంచి పాలిచ్చే గదులు పెట్టారు. కనిపించకపోతే “పాలూట్టుం అరై ఎంగే” అని అడగండి. బస్సులో కిటికీ పక్క సీటు, ముందు బటన్ల జాకెట్టు, ఒక పెద్ద చున్నీ ఉంటే చాలు. ఒళ్ళో సంచి పెట్టుకుని దాని మీద బిడ్డను ఉంచితే ఎత్తు సరిపోతుంది. చున్నీ మొహం మీదుగా పూర్తిగా కప్పేయకండి. బిడ్డకు గాలాడాలి, మీకు ఆ నోరు కనిపించాలి. బస్సు కుదుపుకు పట్టు జారితే వేలు పెట్టి వదిలించి మళ్ళీ పట్టించండి. పిండిన పాలు తీసుకెళ్ళేట్టయితే ఈ ఎండకు సంచిలో ఊరికే పెట్టకండి, ఐస్ ప్యాక్‌లున్న డబ్బాలో పెట్టి, ఇల్లు చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల లోపు వాడేయండి.